రాహేలు కాదు, రాఖేల్

ఆయన పోయాడన్న సంగతి మా చర్చి వాట్సాప్ గ్రూపులో పొద్దున ఏడింటికి వచ్చింది. నేను స్కూలుకు పోవడానికి డబ్బా కట్టుకుంటున్నాను. ఫొటో కూడా పెట్టారు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, నవ్వని మొహం. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. గొప్ప విశ్వాసి అని ఒకరు, వాక్యాన్ని ప్రేమించిన మనిషి అని ఒకరు, మాకందరికీ గురువు అని ఇంకొకరు. నేనూ ఏదో ఒకటి పెట్టాలి కదా అని రెండక్షరాలు కొట్టి, చెరిపేసి, ఫోన్ బోర్లా పెట్టాను. ఆయన గురించి మంచిమాట రాయడానికి ఆ పొద్దున నాకు చేయి రాలేదు. ఇప్పుడూ రావడం లేదు. ఇది అందుకోసం రాస్తున్నదీ కాదు.

పేరు రాయను. జహీరాబాద్‌లో మా చర్చికి వచ్చేవాళ్లంతా ఆయనను సారు అనేవాళ్లు, అంతే. తహసీల్ ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైన ఏడు హైదరాబాద్‌లో ఎక్కడో మూడు వారాల హీబ్రూ క్లాసులకు పోయి వచ్చాడట. పోయినప్పుడు మామూలు మనిషేనని, వచ్చినంకనే అట్ల అయ్యాడని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. నాకు ఆ మామూలు మనిషి తెలియదు. పాత నిబంధన హీబ్రూలో పుట్టింది కాబట్టి అందులోని పేర్లను ఆ భాషవాళ్లు పలికినట్టే పలకాలని, తెలుగులో అచ్చయినట్టు చదివితే దేవుడి ముందర తప్పు చదివినట్టేనని పట్టుబట్టే మనిషే నాకు తెలుసు.

ముందు నుంచి రెండో బెంచీలో గోడవైపు ఆయన చోటు. ఆదివారం వాక్యం చదివేవాళ్లు ఏదైనా పేరు దగ్గరికి వస్తున్నారంటే ఆయన కుడిచేయి బెంచీ మీదికి వచ్చేది. తప్పు పలికారో, ఉంగరంతో చెక్క మీద టక్‌మని కొట్టేవాడు. ఒక్కసారే. చదివేవాళ్లు ఆగాలి. ఆయన రెండు వేళ్లు తన గొంతు మీద పెట్టుకుని సరైన పలుకు చెప్పేవాడు. వాళ్లు మళ్లీ అనాలి. కుదిరేదాకా ముందుకు పోనిచ్చేవాడు కాదు. పాస్టరయ్య తల వంచుకుని కూర్చునేవాడు. ఆయనకూ రెండుసార్లు ఆ టక్ పడింది.

"కలెక్టర్ పేరు తప్పు పలుకుతవా? పలుకవు. కాళ్లు వణుకుతయి. మరి ప్రవక్త పేరు తప్పు పలికినప్పుడు ఎందుకు వణుకుత లేవు?" అనేవాడు. ఈ మాట నేను కనీసం యాభైసార్లు విని ఉంటాను.

చర్చి బయట కూడా వదిలేవాడు కాదు. ఝరాసంగం పోయే షేర్ ఆటో వెనక అద్దం మీద 'యెహోవా యీరే', అంటే దేవుడే చూసుకుంటాడని, రాసి ఉంటే, ఎక్కబోతున్న మనిషి కాలు దించి డ్రైవర్‌ను పిలిచాడు.

"యీరే కాదు. యిర్, ఎ. నడుమ జర ఆగాలె."

"నాతోని ఆగుడు కాదు సార్. లోపట పదిమంది కూసున్నరు. ఎక్కుతవా, పోవాల్నా?" అన్నాడు డ్రైవర్.

ఆయన ఎక్కలేదు. తప్పు రాసిన బండిలో కూర్చోనన్నాడు. నేనూ ఆయనతో పాటు ఎండలో ఇంకో ఆటో కోసం నిలబడ్డాను.

మొగుడంపల్లి నుంచి ఒక జంట బిడ్డకు పేరు పెట్టించుకోవడానికి వచ్చింది. హన్నా అని పెట్టుకున్నారు. ప్రార్థన ముగియకముందే టక్. "ఖన్నా అనాలె" అన్నాడు. పిల్ల తండ్రి బెదిరిపోయి, "ఖన్నా అంటే ఏదో సేటు పేరు లెక్క ఉన్నది సార్, ఆడపిల్లకు ఎట్ల పెట్టాలె?" అన్నాడు. అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. ఆ తల్లి మాత్రం పిల్లను గట్టిగా అదుముకుని, గేటు దాటేదాకా ఆ పిల్లను పేరుపెట్టి పిలవలేదు. వాళ్లతో నడిచిన నాకు అది గుర్తుంది.

నేను ఎండలో ఆయన పక్కన ఎందుకు నిలబడ్డానో కూడా చెప్పాలి. నేను ఆయన శిష్యురాలిని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు, బీఎడ్ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్నాను. ప్రతి శనివారం సాయంత్రం చర్చి వరండాలో ఆయన ముందు కూర్చునేదాన్ని. గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు తెచ్చుకునేవాడు. నాకొక మూత, ఆయనకొక మూత. నీళ్లు తాగి, గొంతు సవరించుకుని, ఆ 'ఖ్' అనే శబ్దాన్ని పలికించేవాడు. మొదట్లో దగ్గు వచ్చేది. తర్వాత కుదిరింది. కుదిరిన రోజు, "ఈ ఊర్ల నా తర్వాత నువ్వే" అన్నాడు. ఎంత గర్వపడ్డానంటే ఇంటికి పోయేటప్పుడు తొవ్వలో కనబడ్డ ప్రతి బోర్డునూ ఆ గొంతుతో చదువుకుంటూ పోయాను.

ఒక వానపూట నేను ఆలస్యంగా పోతే ఆయన ఒక్కడే వరండాలో కూర్చుని హీబ్రూలో కీర్తన చదువుకుంటున్నాడు. నేను వచ్చింది చూడలేదు. ఆ గొంతు బాగుంది. ఒప్పుకోవడం ఇష్టం లేదు గాని, చాలా బాగుంది. ఎవరినీ దిద్దకుండా, ఎవరికీ వినిపించకుండా చదువుతున్నప్పుడు ఆయన ఇంకో మనిషిలా ఉన్నాడు. ఆ మనిషిని ఇంకొంచెం ఎక్కువ మందికి చూపించి ఉంటే ఈ రోజు నేను ఇట్లా రాసేదాన్ని కాదు.

మా అమ్మ పేరు రాహేలమ్మ. బస్టాండ్ దగ్గర జొన్నరొట్టెలు చేసేది. చదువు రాదు. యాభై దాటినంక, మధ్యాహ్నం గిరాకీ తగ్గిన వేళ, ఎదురుగా వచ్చే బస్సుల బోర్డులు చూసి నేర్చుకుంది. ముందు జహీరాబాద్. తర్వాత రాయికోడ్. "గీ 'రా' నా పేర్ల కూడ ఉంటదా?" అని అడిగి, ఉంటుందని చెబితే, ఆ రోజంతా రాయికోడ్ బస్సు కోసమే చూసింది. బీదర్ నుంచి వచ్చే బస్సుల కన్నడ బోర్డులను కూడా అట్లాగే చదివేసేది. "అక్షరం మనదే, తల మీద రుమాలు వేరే తీర్గ కట్టుకున్నది" అని నవ్వేది. రెండేళ్లకు బైబిలు చదవడం వచ్చింది. వేలు పెట్టుకుని, ఒక్కొక్క మాట, మెల్లగా.

స్త్రీల ఆదివారం నాడు ఆడవాళ్లే వాక్యం చదవాలి. ఆ ఏడు అమ్మ తానే చదువుతానని పాస్టరయ్యను అడిగింది. ఏది చదవాలో కూడా తనే చెప్పింది. రాహేలు తన బిడ్డల కోసం ఏడ్చే చోటు. నాకు ముందు అమ్మకు ఇద్దరు బిడ్డలు పుట్టి, ఏడాది నిండకముందే పోయారు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ మాట్లాడేది కాదు. తన పేరున్న ఒక తల్లి తన లాగానే ఏడ్చిందని గ్రంథంలో చదివిన రోజు మాత్రం రొట్టెల పెనం దించి చాలాసేపు ఊరికే కూర్చుంది.

రెండు నెలలు చదువుకుంది. నాకు అప్పజెప్పేది. నేను విని, "మంచిగుంది అమ్మా" అనేదాన్ని. ఒక్కమాట కూడా దిద్దలేదు. సారు అక్కడ కూర్చుని ఉంటాడని నాకు తెలుసు. అమ్మ 'రాహేలు' అనే అంటుందనీ తెలుసు. మా అమ్మను ఏమీ అనడులే, నా ముఖం చూసి ఊరుకుంటాడులే అనుకున్నాను.

ఆదివారం అమ్మ తెల్లచీర కట్టుకుని ముందుకు పోయింది. కళ్లద్దాలు పెట్టుకుంది. వేలు పెట్టింది. ఏ గ్రంథమో చెప్పేచోట, ప్రవక్త పేరు దగ్గరే మొదటి టక్ పడింది.

"యిర్మెయాహు" అన్నాడు సారు.

"ఇర్మయ్య" అంది అమ్మ. కొందరు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, తన మీద తానే. మళ్లీ అనబోయి కుదరక, సారు చేత్తో సైగ చేస్తే ముందుకు పోయింది. ఊరి పేరు దగ్గర రెండో టక్. ఈసారి అమ్మ నవ్వలేదు. వేలు జారిపోయింది. ఏ వరసలో ఉందో వెతుక్కుంది. దొరికింది. చదివింది. తన పేరు దగ్గరికి వచ్చింది.

"రాహేలు..."

టక్.

"రాఖేల్. గొంతుల నుంచి. ఖ్."

అమ్మ అద్దాల పైనుంచి చూసింది. "గది నా పేరే సారు" అంది.

అది ఎదిరించి అన్నమాట కాదు. ఇదొక్కటి నాకు తెలుసు, దీన్ని వదిలెయ్యండి అన్నట్టు అంది.

"నీ పేరే నీకు పలుకొస్తలేదు. ఇగ వాక్యం ఏం పలుకుతవు?" అన్నాడాయన. గొంతు పెంచలేదు. కోపం కూడా లేదు. టైపు కాగితంలో తప్పు చూపించినట్టు అన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి నన్ను చూశాడు. "నువ్వు రా బిడ్డా. నువ్వు చదువు."

నేను లేచాను.

ఎందుకు లేచావని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నలుగురి ముందు పిలిచాడని, కాదంటే బాగుండదని, అమ్మను ఆ ఇబ్బంది నుంచి తప్పిద్దామని, రకరకాలుగా చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే నాకు చదవాలని ఉండింది. ఆ 'ఖ్' నాకు వచ్చు. అమ్మ చేతిలో నుంచి గ్రంథం తీసుకున్నాను. ఆమె వేలు ఇంకా ఆ వరస మీదే ఉంది, నాకు చోటు చూపిస్తూ. నేను చదివాను. రాఖేల్ అన్నాను, గొంతు నిండుగా. సారు కళ్లు మూసుకుని తలూపాడు. అమ్మ పోయి నేను లేచిన చోట కూర్చుంది.

ఇంటికి వచ్చినంక అమ్మ పొయ్యి ముట్టించి పిండి కలిపింది. నేను దగ్గర నిలబడ్డాను. ఏమైనా తిడుతుందేమోనని.

"మంచిగ చదివినవ్ బిడ్డా" అంది.

అంతే. ఆ తర్వాత అమ్మ పైకి చదవడం నేను వినలేదు. గ్రంథం ఒళ్లో తెరిచి పెట్టుకునేది, పెదాలు కదిలేవి కావు. బస్టాండ్‌లో ఎవరైనా, "అమ్మా, గా బస్సు ఎటు పోతది?" అని అడిగితే, బోర్డు వైపు కూడా చూడకుండా, "నాకేం తెలుసు, కండక్టర్‌ను అడుగు" అనేది. మూడేళ్ల తర్వాత జ్వరం వచ్చి దవాఖానలో పోయింది. ఆ తర్వాత నేను శనివారాలు పోవడం మానేసినందుకు సారు పాస్టరయ్యతో అన్నాడట, "ఆ పిల్లకు ఓపిక లేదు" అని.

అమ్మ పోయినంక నేను మారిన అద్దె ఇంటి పక్కన, వీధంతా ఆపా అని పిలిచే ఒక ముస్లిం అక్క ఉంటుంది. సాయంత్రాలు వీధిలోని ఆడపిల్లలకు ఇంట్లోనే అరబ్బీ చదవడం నేర్పుతుంది. గోడకు అటువైపు నుంచి పిల్లల గొంతులు వినిపించేవి. ఒక రోజు వాళ్లు పలికే ఒక శబ్దం విని ఆగిపోయాను. 'హ' లాగానే ఉంది, కాని లోపలి నుంచి, ఊపిరితో వస్తోంది. పిల్లలు పోయినంక ఆపాను అడిగాను, రాహేలు అనే పేరును మీరు ఎట్లా అంటారని.

"రాహీల్" అంది ఆపా. "గొంతు నడుమల కెల్లి రావాలె. గీరద్దు. గరగర అనేది వేరే అక్షరం. రెండు కలపొద్దు."

మా అమ్మ అనే తీరును పలికి చూపించాను. ఆపా విని, "మంచిగనే ఉన్నది కదా. జర ఊపిరి ఎక్కువ వెడితే అదే" అంది.

ఇంకోటి కూడా గమనించాను. పిల్ల తప్పు చదివితే ఆపా నడుమ ఆపేది కాదు. వరస అయిపోయేదాకా ఊరుకుని, తర్వాత ఆ వరస తాను ఒకసారి చదివేది. పిల్ల తన తప్పు తానే పట్టుకునేది.

నేను ఊరుకోలేదు. ఫోన్‌లో వెతికాను. యెమెన్ దేశం నుంచి వచ్చిన యూదులు హీబ్రూ చదివే రికార్డింగు దొరికింది. వాళ్లు తరతరాలుగా అట్లాగే చదువుతున్నారట. అందులో ఆ అక్షరం 'ఖ్' కాదు. ఆపా చెప్పిన శబ్దమే. సారు నేర్చుకున్నది ఒక తీరు, ఇది ఇంకో తీరు, ఇదే పాతదంటారు. అది విన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు. ఒళ్లు మండింది. ఒక్క తీరే తెలిసిన మనిషి మాట విని నేను అమ్మ చేతిలో నుంచి పుస్తకం లాక్కున్నాను.

ఆ వారం ఆదివారం సాయంత్రం ఆయన ఇంటికి పోయాను. అమ్మ పోయినప్పటి నుంచి అదే మొదటిసారి పోవడం. సోఫాలో కూర్చోబెట్టాడు. ఆయన భార్య వంటింటి గడప దగ్గరికి వచ్చి, వేళ్లతో చిటికెడు చూపించి, చక్కెర వేయాలా అని సైగ చేసింది. వద్దని తలూపాను. ఆమెను చర్చిలో ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. ఆమె గొంతు ఎట్లా ఉంటుందో నాకు తెలియదని అప్పుడే తోచింది.

"సార్, ఒకటి వినాలె మీరు" అని ఫోన్ బల్ల మీద పెట్టాను.

కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి కూడా పెట్టించుకున్నాడు. వేళ్లు గొంతు మీదికి పోయాయి. పెదాలు ఆ శబ్దాన్ని పట్టుకోవడానికి చూశాయి. ఇప్పుడు అంటాడు అనుకున్నాను. ఏమంటాడో తెలియదు గాని, ఏదో ఒకటి. మా అమ్మ పేరు ఎత్తినా చాలు.

కళ్లు తెరిచాడు. "ఎడారిల ఉండి ఉండి పాడు చేసుకున్నరు పాపం" అన్నాడు.

"ఎవరు సార్?"

"వీళ్లే. చుట్టుపక్కల భాషలు కలిసిపోయినయి. గట్ల ఐతది."

"మా అమ్మ గట్లనే అన్నది సార్. ఆ రోజు."

ఆయన నిజంగానే ఆలోచించాడు. మొహం ముడుచుకుని గుర్తు చేసుకోవడానికి చూశాడు. "ఏ రోజు?" అన్నాడు.

చాయ్ కప్పు కింద పెట్టి లేచి వచ్చేశాను. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. నేను వాక్యం చదవవలసిన ఆదివారాల్లో ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే ఉండేదాన్ని.

సమాధికి మాత్రం పోయాను. పోకపోతే నలుగురూ అడుగుతారని. సమాధి తోటలో ఎండ మండిపోతోంది. పెట్టె గుంత పక్కన దించారు. పాస్టరయ్య నా దగ్గరికి వచ్చి, "వాక్యం నువ్వు చదవాలమ్మా. సారు మెచ్చిన గొంతు నీదొక్కటే" అన్నాడు. నేను చదవనన్నాను. ఆయన విననట్టే గ్రంథం నా చేతిలో పెట్టబోయాడు. "చదవనయ్యా" అన్నాను, ఈసారి పక్కవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా.

అప్పుడు ఆయన భార్య లేచింది. కుర్చీలో నుంచి మెల్లగా వచ్చి, పాస్టరయ్య చేతిలో నుంచి గ్రంథం తీసుకుంది.

"నేను చదువుత" అంది.

సన్నటి గొంతు. పాస్టరయ్య తటపటాయించాడు. "అమ్మా, నీకు ఇప్పుడు కష్టమైతది."

"నలభై ఏండ్ల సంది మనసులనే చదువుకున్న అయ్యా. హీబ్రూ నేర్వకముందు సంది కూడ ఇంట్ల నోరు తెరిస్తే తప్పు వడుతుండె. ఇయ్యాల నేనే చదువుత."

తొంభయ్యో కీర్తన తీసింది. సమాధుల దగ్గర ఎప్పుడూ చదివేదే. ఆ కీర్తన పైన మోషే పేరుంటుంది. ఆమె గ్రంథాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని మొదలుపెట్టింది. "దైవజనుడైన... మోసే..."

నేను ఆమెకు రెండడుగుల దూరంలో ఉన్నాను. నా పెదాలు కదిలాయి. 'షే'. శబ్దం రాలేదు. రాబోయి ఆగింది. నేను ఆపలేదు, దానంతటది ఆగింది. ఆయన నాలో పెట్టిపోయింది నా నోట్లోనే ఉంది, బతికే ఉంది.

ఆమె చూసింది. నలభై ఏళ్లు ఒక మనిషి నోటి వైపు చూస్తూ బతికిన ఆడమనిషి. ఆమెకు కనబడకుండా ఎట్లా ఉంటుంది? చదవడం ఆపి, గ్రంథం కొంచెం దించి, నా వైపు తిరిగింది.

"తప్పయిందా బిడ్డా?" అంది.

గుంత చుట్టూ ఉన్నవాళ్లంతా నన్నే చూస్తున్నారు.

"లేదమ్మా" అన్నాను. "చదువు."

ఆమె నమ్మలేదు. నా నోటి వైపే ఇంకొంచెంసేపు చూసింది. నేను పెదాలు బిగబట్టుకుని నిలబడ్డాను. తర్వాత వేలు మళ్లీ మొదటి మాట మీద పెట్టి, ఈసారి ఇంకొంచెం గట్టిగా "మోసే" అని, ముందుకు పోయింది. పారలు పట్టుకున్న ఇద్దరూ అవి కింద పెట్టి కూర్చున్నారు. పదిహేడు వచనాలు. ఎండలో ఎవరూ కదలలేదు. ఆమె ఒక్కటి కూడా వదలకుండా చివరిదాకా చదివింది.